పోయిన పొద్దుకు బాకీ ఎవరిది?

బస్సు రెండు గంటలు ఆలస్యంగా వస్తే నష్టం ఎవరికి? డిపో లెక్కల్లో దీనికి జవాబు దొరుకుతుంది. డీజిలు ఎంత కాలింది, కిలోమీటర్లు ఎన్ని తగ్గాయి, కలెక్షన్ ఎంత పడిపోయింది, అన్నీ రాసుకుంటారు. సద్దిమూట పట్టుకొని చింతచెట్టు కింద రెండు గంటలు నిలబడ్డ మనిషి నష్టం మాత్రం ఏ పుస్తకంలోకీ ఎక్కదు. లెక్కకెక్కని నష్టాన్ని ఎవరూ తీర్చరు. తీర్చమని అడిగే వాళ్లూ లేరు. అందుకే మనం అడుగుతున్నాం. బస్సుగానీ రైలుగానీ బాగా ఆలస్యమైతే, లేదా అసలు రాకపోతే, ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాలి. దయతో కాదు, హక్కుగా ఇవ్వాలి.

ఈ మాట వినగానే నవ్వేవాళ్లు ఉంటారు. "తాగే నీళ్లకే దిక్కులేని పశ్చిమ ప్రకాశంలో బస్సు లేటుకు డబ్బులంట!" అంటారు. ఫ్లోరైడు నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు మనవి. వెలిగొండ నీళ్లు వస్తాయని తాతలు చెబితే విని, అదే మాట మనవళ్లకు చెబుతున్న ఊళ్లు మనవి. గుంటూరు మిరపకోతలకు, హైదరాబాదు, బెంగుళూరు కట్టుబడి పనులకు మూట కట్టుకొని పొయ్యే ఊళ్లు మనవి. నిజమే. కానీ ఆ మూట కట్టుకున్న మనిషి ఎక్కేది బస్సే, రైలే. నీళ్లు లేని ఊరికి బస్సు కూడా సరిగా రాకపోతే ఆ ఊరికి మిగిలేదేమిటి? నవ్వేవాళ్లలో ఎక్కువమంది ఇంటిముందు మోటారుసైకిలో కారో పెట్టుకున్నవాళ్లు. వాళ్లకు బస్సు లేటవడమంటే పేపర్లో వార్త. మనకు ఆ పూట కూలి.

ఎవరెవరికి ఏం పోతుందో ఒకసారి చూద్దాం. కూలికి పొయ్యే ఆడమనిషి పొద్దున ఎనిమిదింటికల్లా చేలో ఉండాలి. తొమ్మిదిన్నరకు దిగితే మేస్త్రి "ఇయ్యాల వద్దులే, రేపు రా" అంటాడు. పోయింది గంటన్నర కాదు, రోజు. పలకల పనికి పొయ్యేవాళ్లకు ఎన్ని చేస్తే అంత కూలి. గంట పోతే ఆ గంట పలకలు పోయినట్టే. ఆస్పత్రికి పొయ్యే ముసలాయన ఓపీ చీటీ ఇచ్చే వేళకు చేరకపోతే డాక్టరును చూసే పని మర్నాటికి. బిడ్డను ఎత్తుకొని ఒంగోలు పెద్దాస్పత్రికి బయలుదేరిన తల్లికి ఒక బస్సు తప్పితే పై బస్సు కూడా తప్పుతుంది. బ్యాంకు, తహసీల్దారు ఆఫీసు, కోర్టు వాయిదా, అన్నిటికీ టైము ఉంది. కోర్టులో పేరు పిలిచేటప్పుడు మనిషి లేకపోతే వారంటు వస్తుంది. బస్సు రాలేదంటే నమ్మేదెవరు?

ఇక పిల్లలు. బడిపంతులుగా నేను రోజూ చూసేది ఇది. మొదటి పీరియడు హాజరు పిలిచేటప్పుడు లేని పేర్లు చాలావరకు బస్సు మీద వచ్చే పిల్లల పేర్లే. అందులో మన కాలనీల పిల్లలే ఎక్కువ. మొదటి పీరియడు లెక్కలో, ఇంగ్లీషో ఉంటుంది. ఏడాది పొడుగునా మొదటి పీరియడు పోగొట్టుకున్న పిల్ల పదో తరగతిలో లెక్కలు తప్పితే "వాళ్లకు చదువు రాదు" అని తీర్మానం చేస్తారు. బస్సు రాలేదన్న సంగతి మార్కుల జాబితాలో కనపడదు. ఎంసెట్ లాంటి పరీక్షలకు నిమిషం ఆలస్యమైతే లోపలికి రానివ్వం అనే నిబంధన మన రాష్ట్రంలో ఏళ్లపాటు నడిచింది. పిల్లవాడి నిమిషానికి అంత పట్టింపు ఉంటే, వాణ్ని తీసుకురావలసిన బండి గంటకు ఏ పట్టింపూ లేకపోవడం ఏం న్యాయం?

మిత్రులారా, ఎదురుచూడటం మన జాతికి కొత్త కాదు. బావి దగ్గర ఎవరో ఒకరు వచ్చి నీళ్లు పోసేదాకా కడవ పట్టుకొని నిలబడ్డాం. కూలి కొలిచేదాకా ఆసామి వాకిట్లో చీకటి పడిందాకా నిలబడ్డాం. కచేరీల ముందు, కరణం ఇంటి ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాం. కులం మన దగ్గర లాక్కున్న వాటిలో భూమి ఉంది, నీళ్లున్నాయి, చదువు ఉంది. వాటితోపాటు మన కాలాన్ని కూడా లాక్కుంది. "వాళ్లకేం పనుంది, నిలబడనీ" అన్న మాటే కులం. ఆ మాట ఇవ్వాళ నోటితో ఎవరూ అనరు. టైంటేబులు అంటుంది.

బాబాసాహెబ్ అంబేడ్కర్ చిన్నప్పటి ప్రయాణం మనలో చాలామందికి తెలుసు. 1901లో అన్న, మేనల్లుడితో కలిసి తండ్రి దగ్గరకు బయలుదేరి మసూర్ స్టేషనులో దిగాడు. తండ్రికి ఉత్తరం అందక తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. మహర్ పిల్లలని తెలిసి స్టేషన్ మాస్టరు మొహం మారింది. ఎడ్లబండ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తానని. ఆ రాత్రంతా దాహంతో, భయంతో గడిచింది. ఆ రోజులతో పోలిస్తే బస్సు గొప్ప సంగతే. బస్సు కులం అడగదు. టికెట్టు తీసుకున్నవాడు సీటులో కూర్చుంటాడు, పక్కన ఎవరున్నా సరే. పల్లెకు బస్సు వచ్చినప్పుడు మన పెద్దలు దాన్ని వట్టి బండిగా చూడలేదు. ఊరివాళ్ల దయ లేకుండా ఊరు దాటే దారిగా చూశారు. అందుకే బస్సు రాకపోవడం మనకు వట్టి అసౌకర్యం కాదు. ఆ దారి మళ్లీ మూసుకుపోవడం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆలస్యానికి పరిహారం అనేది మనం కనిపెట్టిన కోరిక కాదు. ఈ దేశంలోనే అది ఉంది. ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని చూస్తే మనువు రాసిన నిచ్చెన మళ్లీ కళ్లముందు నిలబడుతుంది.

పై మెట్టు మీద విమానం. విమానం గంటల తరబడి ఆలస్యమైతే ప్రయాణికులకు ఫలహారం, భోజనం పెట్టాలని పౌర విమానయాన శాఖ నిబంధన. ముందు చెప్పకుండా రద్దు చేస్తే ప్రయాణ వ్యవధిని బట్టి 5,000 నుంచి 10,000 రూపాయల దాకా పరిహారం.

రెండో మెట్టు మీద తేజస్ రైలు. 2019 అక్టోబరులో లక్నో, ఢిల్లీ మధ్య మొదలుపెట్టారు. గంట దాటితే 100 రూపాయలు, రెండు గంటలు దాటితే 250 రూపాయలు ఇస్తామని ప్రకటించారు. మొదలైన నెలలోనే రైలు మూడు గంటలు ఆలస్యమైతే వందలమందికి ఇవ్వాల్సి వచ్చింది. ఇవ్వవచ్చని, ఇస్తే రైల్వేలు కూలిపోవని అలా రుజువైంది. 2024లో ఆ పథకాన్ని ఆపేశారు.

మూడో మెట్టు మీద రిజర్వేషన్ ప్రయాణికుడు. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై అతను ప్రయాణం మానుకుంటే, 2015 రీఫండు నియమాల ప్రకారం టికెట్టు డబ్బు పైసా కోత లేకుండా తిరిగి ఇవ్వాలి. కన్ఫర్మ్ అయినా, ఆర్ఏసీ అయినా, వెయిటింగ్ లిస్టు అయినా సరే. ఉద్యోగాల్లో మన రిజర్వేషన్‌ను చూసి ప్రతిభ చచ్చిపోయిందని ఏడ్చేవాళ్లు రైల్లో మాత్రం రిజర్వేషన్ లేనిదే కాలు పెట్టరు. రైల్లో రిజర్వేషన్ ఉన్నవాడికి సీటే కాదు, అతని కాలానికి మర్యాద కూడా ఉంది.

నాలుగో మెట్టు మీద జనరల్ టికెట్టు. ఇక్కడ నిచ్చెన విరుగుతుంది. ఆ మూడు గంటల నియమంలో జనరల్ టికెట్టు ఊసు లేదు. జనరల్ టికెట్టు రద్దు చేసుకోవాలంటే కొన్న మూడు గంటల్లోపు కౌంటరులో ఇవ్వాలి. అప్పుడు కూడా మనిషికి 30 రూపాయలు గుమాస్తా ఖర్చు కింద పట్టుకుంటారు. ప్యాసింజరు బండిలో కనీస టికెట్టు 10 రూపాయలు. కంభంలో 10 రూపాయల టికెట్టు కొన్నవాడికి ఇందులో తిరిగొచ్చేది ఏమిటో ఒకటో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. పైగా రైలు మూడు గంటలు దాటి ఆలస్యమైందని తేలేసరికి టికెట్టు కొన్న మూడు గంటలూ అయిపోతాయి. అదే మనిషి టికెట్టు లేకుండా ఎక్కితే, చార్జీతోపాటు కనీసం 250 రూపాయలు కట్టాలి. వాళ్లకు మనం బాకీ పడితే 250. మనకు వాళ్లు బాకీ పడితే సున్నా.

ఇక ఏ మెట్టూ లేనిది పల్లెవెలుగు బస్సు. నాలుగు వర్ణాల బయట పంచముడిని పెట్టినట్టు, నాలుగు మెట్ల బయట పల్లెవెలుగు ప్రయాణికుణ్ని పెట్టారు. ముందుగా సీటు బుక్ చేసుకున్న సర్వీసు రద్దయితే డబ్బు తిరిగొస్తుంది. పల్లెవెలుగుకు బుకింగే లేదు. రాని బస్సుకు టికెట్టు ఉండదు. టికెట్టు లేనివాడు ప్రయాణికుడే కాదు. ప్రయాణికుడు కానివాడికి ఆలస్యం జరగనే లేదు! ఎంత సుఖమైన లెక్కో చూడండి.

గుంటూరు నుంచి గుంతకల్లు పొయ్యే రైలు దారి మనది. దొనకొండ, మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు, దిగువమెట్ట, అక్కణ్నించి నల్లమల. ఎన్నో ఏళ్లు ఒంటి లైను మీదే నడిచిన దారి. ఒంటి లైను అంటే ఎదురుగా వచ్చేదానికి దారి ఇచ్చి ఏదో ఒకటి పక్కన ఆగాలి. ఏది ఆగుతుంది? ప్యాసింజరు. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇచ్చి ప్యాసింజరు ఆగుతుంది. ఊళ్లో పెద్దకులపాయన ఎదురొస్తే పక్కకు తప్పుకొని నిలబడ్డ మన తాతలు గుర్తుకొస్తారు. పైగా రైల్వేవాళ్ల టైము లెక్క కూడా చివరి స్టేషనులో వేసేదే. చివర్లో కొంత అదనపు టైము పెట్టుకుంటారు కాబట్టి మధ్యలో కంభంలో గంట ఆలస్యమైన బండి చివరి స్టేషనుకు "సరైన వేళకు" చేరవచ్చు. కంభంలో నిలబడ్డ మనిషి గంట ఎవరి లెక్కలోనూ లేకుండా మాయమైపోతుంది. కరోనా పేరు చెప్పి 2020లో ప్యాసింజర్లు ఆపారు. తర్వాత అవే బండ్లను ఎక్స్‌ప్రెస్ చార్జీతో నడిపారు. 10 రూపాయల కనీస టికెట్టు 30 రూపాయలైంది. 2024 ఫిబ్రవరిలో గానీ పాత చార్జీ తిరిగి రాలేదు. బండి అదే, వేగం అదే, ఆగే చోట్లు అవే. చార్జీ మాత్రం ఎక్స్‌ప్రెస్ అయింది.

అయితే చట్టం పూర్తిగా మన వైపు లేదా అంటే, ఉంది. 2021 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. 2016 జూన్‌లో రాజస్థాన్ నుంచి జమ్ముకు రైలెక్కిన ఒక కుటుంబం. రైలు నాలుగు గంటలు ఆలస్యమైంది. జమ్ములో ఎక్కాల్సిన విమానం తప్పిపోయింది. శ్రీనగర్‌కు టాక్సీలో పోవలసి వచ్చింది. జిల్లా వినియోగదారుల ఫోరం టాక్సీకి 15,000, బుకింగ్ ఖర్చులకు 10,000, మనోవేదనకు, కేసు ఖర్చులకు చెరి 5,000 రూపాయలు ఇవ్వమంది. రైల్వేవాళ్లు సుప్రీంకోర్టు దాకా పోయారు. రైలు వేళకు వస్తుందని మేము హామీ ఇవ్వలేదు, మా టారిఫ్ పుస్తకంలో అలా రాసి ఉంది అన్నారు. కోర్టు ఒప్పుకోలేదు. ఆలస్యం ఎందుకైందో, అది తమ చేతిలో లేని కారణమో కాదో రైల్వేనే చెప్పాలి, రుజువు చెయ్యాలి, లేకపోతే పరిహారం కట్టాలి అంది. ప్రయాణికుడి సమయానికి విలువ ఉందని ఆ తీర్పు చెప్పింది. మంచి తీర్పు. కానీ విమానం తప్పిపోయిన మనిషికి వచ్చిన తీర్పు అది. కూలి తప్పిపోయిన మనిషి కేసు ఆ గడప ఇంకా తొక్కలేదు. తొక్కించాల్సింది మనం.

బయటి దేశాల సంగతి కూడా తెలుసుకోవాలి. యూరపు దేశాల రైల్వే చట్టం గంట నుంచి రెండు గంటల ఆలస్యానికి టికెట్టులో పావు వంతు, రెండు గంటలు దాటితే సగం తిరిగివ్వమంటుంది. బ్రిటన్‌లో రైలు గంట దాటి ఆలస్యమైతే ఒకవైపు టికెట్టు మొత్తం తిరిగిస్తారు. జపాన్‌లో సూపర్ ఎక్స్‌ప్రెస్ రెండు గంటలు ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ చార్జీ వెనక్కి ఇస్తారు. అంతకన్నా మనం నేర్చుకోవాల్సింది ఇంకొకటి అక్కడ ఉంది. బండి ఆలస్యమైతే స్టేషనులో ఒక చీటీ ఇస్తారు, ఇన్ని నిమిషాలు ఆలస్యమైందని. ఆ చీటీ బడిలో చూపిస్తే చాలు, ఆఫీసులో చూపిస్తే చాలు. తప్పు ఎవరిదో ఆ కాయితం చెబుతుంది. అయితే యూరపును చూసి మురిసిపోనక్కరలేదు. అక్కడ కూడా 4 యూరోల లోపు పరిహారం ఇవ్వనక్కరలేదని ఒక వెసులుబాటు. పట్టణ, శివారు, ప్రాంతీయ బండ్లను మినహాయించుకోవచ్చని ఇంకొక వెసులుబాటు. చిన్న టికెట్టువాడు అక్కడా చిన్నవాడే.

మనం జాగ్రత్తగా ఆలోచించాల్సింది ఇక్కడే. పరిహారాన్ని టికెట్టు డబ్బులో ఇంత వంతు అని కడితే మనకు దక్కేది ఏమీ ఉండదు. 20 రూపాయల టికెట్టులో పావు వంతు 5 రూపాయలు. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు సున్నా. సున్నాలో సగం ఎంత? సున్నా. ఆపైన "ఉచితంగా ఎక్కింది చాలక ఇంకా పరిహారమా" అనే నోళ్లు సిద్ధంగా ఉంటాయి. ఆ నోళ్లకు జవాబు మన దగ్గర ఉండాలి. ఆ సున్నా టికెట్టుకు డబ్బు కట్టేది ప్రభుత్వం. ప్రభుత్వం కట్టేది జనం పన్ను. అగ్గిపెట్టె కొన్నా, సబ్బుబిళ్ల కొన్నా పన్ను కట్టే మనిషి ఆ అక్క. బస్సు రాకపోతే ఆమె షేర్ ఆటో ఎక్కుతుంది. అక్కడ సున్నా టికెట్టు లేదు. అంటే బస్సు రాని రోజున ప్రభుత్వం ఇచ్చిన ఉచితం ఆమె కొంగుముడి నుంచే పోతుంది. కాబట్టి వెల కట్టాల్సింది టికెట్టుకు కాదు, కాలానికి.

కాలానికి వెల ఎంత? దానికీ కొలత ఉంది. 2025-26లో మన రాష్ట్రానికి ప్రకటించిన ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటలకు పంచితే గంటకు 38 రూపాయల పైచిలుకు. మహారాజు కాలం అడగటం లేదు, ఉపాధి కూలి కాలమే అడుగుతున్నాం. గంటకు 40 రూపాయలు. టికెట్టు కొన్నవాడికీ, పాసు ఉన్న పిల్లవాడికీ, సున్నా టికెట్టు ఆడమనిషికీ ఒకటే లెక్క. ఇది కూడా వట్టి అంకెగా మిగలకూడదు. ఉపాధి హామీ చట్టంలో కూలి ఆలస్యమైతే పరిహారం ఇవ్వాలని రాశారు. పదిహేను రోజులు దాటాక రోజుకు 0.05 శాతం. 307 రూపాయల మీద అది రోజుకు 15 పైసలు! పేదవాడి ఆలస్యానికి ఈ దేశం కట్టిన ఖరీదు అది. హక్కు రాసి చిల్లర విసిరే ఆ పద్ధతి బస్సు విషయంలో రాకుండా చూసుకోవాలి.

అడ్డు ప్రశ్నలు వస్తాయి. ఆర్టీసీ నష్టాల్లో ఉంది, పరిహారం ఎక్కడి నుంచి తేవాలి అంటారు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ముఖ్యమంత్రి సభ అంటే బస్సులు తరలిపోతాయి. సభకు పోయిన బస్సుకు అద్దె లెక్క కట్టుకుంటారు. సంస్థకు నష్టం లేదు, పార్టీకి జనం దొరికారు. ఆ బస్సు కోసం ఊరి బయట నిలబడ్డవాళ్లకు మాత్రం ఏమీ లేదు. ఆ అద్దెలో ఒక వంతు పరిహార నిధికి పెట్టండి. శ్రీశైలం తిరునాళ్లకు ప్రత్యేక బస్సులు వేస్తారు, ప్రత్యేక చార్జీ వసూలు చేస్తారు. దేవుడి దగ్గరకు పొయ్యేవాళ్లకు మేం అడ్డు కాదు. కానీ ఆ ప్రత్యేక బస్సు ఏ పల్లె ట్రిప్పు కోసి తెచ్చారో చెప్పండి, ఆ లాభంలో ఆ పల్లెకు వాటా ఇవ్వండి. ఇంకొక మాట. వేళకు వచ్చే బస్సు పైసా పరిహారం కట్టక్కరలేదు. పరిహారం భారమనేవాడు ఆలస్యం తప్పదని ముందే ఒప్పుకున్నట్టు.

ఆలస్యమైందని ఎలా తెలుస్తుంది అంటారు. టికెట్టు మిషను ప్రతి టికెట్టు మీదా తేదీ, టైము అచ్చువేస్తుంది. బస్సు ఎక్కడుందో సెల్‌ఫోనులో చూపించే ఏర్పాటు ఆర్టీసీకి ఏళ్లుగా ఉంది. బస్టాండులో కంట్రోలర్ దగ్గర వచ్చిన వేళ, పోయిన వేళ రాసే పుస్తకం ఉంది. లెక్క వాళ్ల దగ్గరే ఉంది. మనకు చూపించరు, అంతే.

డ్రైవరు, కండక్టరు బలైపోతారు అంటారు. ఇది నిజమైన భయం. ఆ ఖాకీ చొక్కాల్లో మన బిడ్డలూ ఉన్నారు. బస్సు లేటయితే మొదట తిట్లు తినేది వాళ్లే. పాత బండి ఇచ్చింది వాళ్లు కాదు. స్పేర్‌పార్టులు లేకుండా చేసింది వాళ్లు కాదు. ఖాళీలు నింపకుండా డబుల్ డ్యూటీ వేసింది వాళ్లు కాదు. 2020 జనవరి 1 నుంచి వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులే. కాబట్టి పరిహారం సంస్థ, ప్రభుత్వం కట్టాలి. సిబ్బంది జీతంలో ఒక్క పైసా కోసినా మనం వాళ్ల పక్కన నిలబడాలి. రెండు గంటలు నిలబడ్డ కోపం కండక్టరు చొక్కా పట్టుకుంటే తీరదు. అది పైకి పోవాలి.

వాన, వాగు, కొండచరియలు, ఘాట్ రోడ్డు సంగతి ఏమిటంటారు. నల్లమల దారిలో అవి ఉంటాయి, ఎవరూ కాదనరు. చేతిలో లేని కారణమైతే చెప్పండి, రుజువు చూపించండి అని సుప్రీంకోర్టు చెప్పిందే మేమూ చెబుతున్నాం. సభకు బస్సు పంపడం మాత్రం ప్రకృతి వైపరీత్యం కాదు.

ఇంకొక ప్రమాదం ఉంది, అది మనవాళ్లు ముందే కనిపెట్టాలి. ఆలస్యానికి డబ్బు కట్టమంటే ఆలస్యమయ్యే ట్రిప్పునే రద్దు చేస్తారు. అర్ధవీడు, పుల్లలచెరువు, కొమరోలు వైపు లోపలి ఊళ్లకు పొయ్యే బస్సులకే ముందు కత్తి పడుతుంది. అందుకే ఆలస్యానికి ఎంత పరిహారమో, రద్దుకు అంతకు రెట్టింపు ఉండాలి. లేకపోతే మన కోరికే మన ఊరి బస్సును మింగుతుంది.

ఇవీ మన కోర్కెలు:

1. గంట దాటిన ప్రతి ఆలస్యానికి ఆలస్య చీటీ ఇవ్వాలి. టికెట్టు మిషనులోనే అచ్చు వెయ్యవచ్చు. ఆ చీటీని బడి, కాలేజీ, ఆస్పత్రి, ఆఫీసు, పరీక్షా కేంద్రం గుర్తించేలా ప్రభుత్వం జీవో ఇవ్వాలి.

2. గంట దాటాక ప్రతి గంటకూ కూలి లెక్కన పరిహారం. టికెట్టు, పాసు, సున్నా టికెట్టు తేడా ఉండకూడదు.

3. ట్రిప్పు రద్దు చేస్తే రెట్టింపు. రద్దు సంగతి ముందురోజు సందకాడకే ఊరి సచివాలయం బోర్డు మీద రాయాలి.

4. పొద్దున మొదటి ట్రిప్పు, బడి ట్రిప్పు, నైట్‌హాల్ట్ బస్సు ఏ సభకూ, ఏ తిరునాళ్లకూ తరలించకూడదు.

5. రైల్వే మూడు గంటల నియమాన్ని జనరల్ టికెట్టుకూ వర్తింపజేయాలి. 30 రూపాయల కోత లేకుండా స్టేషను కౌంటరులోనే నగదు ఇవ్వాలి.

6. ప్రతి నెలా ఏ ట్రిప్పు ఎన్నిసార్లు ఆలస్యమైందో, ఎన్నిసార్లు రాలేదో మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం బస్టాండ్లలో గోడకు అంటించాలి.

7. ఊరి సెంటరులోనే కాదు, ఎస్సీ కాలనీ దగ్గర కూడా బస్సు ఆపాలి, నీడ కట్టాలి. రెండు గంటలు నిలబెట్టేవాళ్లు కనీసం నీడలో నిలబెట్టండి.

కోర్కెలు రాస్తే రావు. మనం చెయ్యాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేనిది. ప్రతి పల్లెలో చదువుకున్న ఒక పిల్లో పిల్లవాడో ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, బస్సు రావలసిన వేళ, వచ్చిన వేళ, నిలబడ్డవాళ్లు ఎంతమంది, ఎవరి పని ఏం పోయింది. అరవై రోజులు రాయండి. ఊరి పెద్దలతో సంతకాలు, వేలిముద్రలు పెట్టించండి. ఆ పుస్తకం ముందు డిపోకు, తర్వాత కలెక్టరుకు. అక్కడా కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషనుకు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యవచ్చు. 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలని లేదు. ఒకే నష్టం జరిగినవాళ్లందరూ కమిషను అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వెయ్యవచ్చు. రెండేళ్ల లోపు వెయ్యాలి, అది మరువవద్దు.

ఉచితంగా పొందిన సేవ ఆ చట్టం కిందికి రాదని అడ్డం చెబుతారు. దానికీ సమాధానం ఉంది. 1995లో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు ఆస్పత్రుల గురించి ఒక సూత్రం చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకొని, కొందరికి ఉచితంగా చూసే ఆస్పత్రిలో ఉచితంగా చూపించుకున్నవాళ్లూ వినియోగదారులే అంది. మొగవాళ్ల దగ్గర టికెట్టు తీసుకొని ఆడవాళ్లను ఉచితంగా ఎక్కించుకునే బస్సుకు ఆ సూత్రం ఎందుకు వర్తించదు? ఈ వాదన వినిపించే లాయరు మిత్రులు మన ప్రాంతంలో ముందుకు రావాలి.

ఒక్కటి గుర్తుపెట్టుకుందాం. 40 రూపాయలు వస్తే మన బతుకులు మారిపోవు. 40 రూపాయలు కట్టాల్సి వస్తే వాళ్ల టైంటేబులు మారుతుంది. అడిగేవాడు లేని చోటే ఆలస్యం కాపురం ఉంటుంది. నిలబడ్డ మన కాలాన్ని ఇన్నాళ్లూ ఎవరూ కొలవలేదు. కొలిచే పుస్తకం ఇప్పుడు మన చేతిలోకి రావాలి. రాయడం నేర్పిన బాబాసాహెబ్‌కు మనం చెయ్యగలిగిన పనుల్లో ఇదీ ఒకటి.

నోటుపుస్తకాలు తెరవండి. రేపు పొద్దున బస్సు నుంచే మొదలుపెట్టండి.

జై భీమ్.